ఆ పన్నెండు మందిలో ఆమె ఎందుకు లేదు?

నిన్న సాయంత్రం సిలువ మార్గం, అంటే యేసు సిలువ మోసిన దారిని పద్నాలుగు స్థలాలుగా తలచుకునే ప్రార్థన, ముగిసింది. పద్నాలుగో స్థలం దగ్గర మోకాళ్ల మీది నుంచి లేచామో లేదో, పవిత్ర గురువారం పాదాలు కడిగించుకునే పన్నెండు మంది జాబితా చదివారు. యేసు తన చివరి రాత్రి పన్నెండు మంది శిష్యుల, అంటే అపోస్తలుల, పాదాలు కడిగినదానికి గుర్తుగా ఆ రోజు గురువు వాళ్ల పాదాలు కడుగుతారు. నిరుడు చదివిన పేర్లే. విచారణ (మా చర్చి పరిధి) సంఘం పెద్దలు, వాళ్ల బంధువులు. మా చర్చి ఊడ్చే అక్క పేరు కూడా రాయమని అడిగాను. "పద్ధతి కాదమ్మా, అపోస్తలులు మగవాళ్లు కదా" అన్నారు ఒకాయన. పక్కనున్న పెద్దమనిషి గొంతు తగ్గించి, "ఆమెది ఏ పేటో తెలిసే అడుగుతున్నారా?" అన్నారు. రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు.

అసలు కారణం ఆ రెండోదే. మొదటిది దానికి వేసిన ముసుగు. ఆ ముసుగూ ఏనాడో చిరిగిపోయింది. 2013 పవిత్ర గురువారం నాడు పోప్ ఫ్రాన్సిస్ రోములో బాల నేరస్థుల కారాగారానికి వెళ్లి, అమ్మాయిల పాదాలు కూడా కడిగారు. 2016 జనవరిలో ఈ పాదాలు కడిగే నియమాన్నే మార్పించి స్త్రీలకు చోటు ఇచ్చారు. మా విచారణలో మాత్రం అపోస్తలులు మగవాళ్లట! యేసు ఆ రాత్రి యూదా పాదాలు కూడా కడిగాడు. తనను అప్పగించబోయేవాడని తెలిసి కడిగాడు. ముప్పై వెండి నాణేలకు ఆయనను అమ్మినవాడికి దక్కిన చెంబెడు నీళ్లు, తెల్లవారకముందే వచ్చి మనం కూర్చునే బెంచీలు తుడిచే మనిషికి దక్కవా?

ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్సుకాలం మొదలయ్యే విభూది బుధవారం నాడు అందరికీ ఒకే గిన్నెలోని బూడిద పూశారు. నిరుడు మట్టల ఆదివారం నాడు పట్టుకున్న మట్టలు కాల్చిన బూడిద. నీవు మట్టివి, మట్టిలోనే కలుస్తావు అన్న మాట ఆ అక్కకూ చెప్పారు, ఆ పెద్దమనిషికీ చెప్పారు. నలభై రోజులు మాంసం మానేసిన వాళ్లను చూశాను, చెప్పులు మానేసిన వాళ్లనూ చూశాను. పేట అడగడం మానేసిన వాళ్లను మాత్రం ఒక్కరినీ చూడలేదు. ఆ ఒక్కటీ మానకుండా చేసేది తపస్సుకాలం ఎలా అవుతుంది?

ఇది ఇవాళ పుట్టిన కోపం కాదు. మా ఊరి సమాధుల తోటలో నడుమ గోడ ఉంది. మా తాత ఇవతల, చెట్టు నీడలో ఉన్నాడు. ముప్పై ఏళ్లు ఆయన పొలం దున్నిన పాలేరు అవతల, ఎండలో ఉన్నాడు. ఇద్దరికీ జ్ఞానస్నానం ఇచ్చింది ఒకే గురువు. చిన్నప్పుడు ఆ గోడ ఎందుకని మా నాన్నను అడిగితే పశువులు రాకుండా అన్నాడు. మా నాన్న నాకు చెప్పిన అబద్ధాల్లో నేను క్షమించలేనిది అదొక్కటే.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా లేదు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సవరించారు, మనకు సవరించలేదు. మతం మారినా వివక్ష పోలేదని ఢిల్లీలో మనమే వాదిస్తాం. ఊళ్లో ఎవరైనా నిలదీస్తే, మా సంఘంలో కులమే లేదంటాం. 2022లో పూల ఆంథోని గారు తొలి దళిత కార్డినల్ (పోప్ తర్వాతి స్థాయి పెద్ద) అయినప్పుడు మా చర్చి ముందు నిలువెత్తు ఫ్లెక్సీ కట్టారు. దాని కింద చెత్త ఊడ్చింది ఆ అక్కే.

పునరుత్థానమైన ప్రభువు మొదట కనిపించింది మగ్దలా మరియమ్మకు. సమాధి ఖాళీగా ఉందని పరుగున వచ్చి చెప్పిన ఆ స్త్రీ మాట మీదే మన పాస్కా పండుగ (ఈస్టర్) నిలబడింది. ఆ తెల్లవారుజామున మా విచారణ సంఘం అక్కడ ఉంటే, ఆమెది ఏ పేట అని అడిగేది.

జాబితాలో మా ఆయన పేరు ఉంది. ఆ కుర్చీ అక్కకు ఇవ్వమని రాత్రే చెప్పాను. పెద్దవాళ్లు బాధపడతారన్నారు. పొద్దున్నుంచి మేమిద్దరం మాట్లాడుకోవడం లేదు. పవిత్ర గురువారానికి ముందు వచ్చే మట్టల ఆదివారం పూజ అయ్యేలోగా ఆయన చెప్పకపోతే, అందరి ముందూ నేనే లేచి చెబుతాను.