కుళాయి ఉన్న ఊరికి కార్పొరేటరెందుకు?

ఒక ఊరికి, దాని రైల్వే స్టేషనుకు, ఆసుపత్రికి, ఆటస్థలానికి, చివరికి పులులుండే జంతుప్రదర్శనశాలకు కూడా ఒకే పారిశ్రామిక కుటుంబం, టాటాల పేరెందుకని ఎవరైనా అడిగితే, ఝార్ఖండ్‌లోని జంషెడ్‌పూర్ అభిమానుల దగ్గర సిద్ధంగా ఉండే జవాబు ఒక్కటే: "అక్కడ కుళాయి తిప్పితే నీళ్ళొస్తాయండీ!" నీళ్ళ ట్యాంకరు కోసం బిందెలు వరుసలో పెట్టి కూర్చున్న మనలాంటి వాళ్ళం ఈ జవాబు విన్నాక నోరెత్తలేమని వాళ్ళ ధీమా.

ఆ నామకరణ మహోత్సవం 1919 జనవరి 2న జరిగింది. పౌరోహిత్యం వహించినవాడు వైస్రాయ్ లార్డ్ చేమ్స్‌ఫర్డ్. మొదటి ప్రపంచ యుద్ధంలో మెసపటేమియాలోను, ఈజిప్టులోను బ్రిటిష్ సైన్యానికి కావలసిన రైలు పట్టాలను ఇక్కడి టాటా ఉక్కు కర్మాగారం సరఫరా చేసింది గనుక, ఆ కృతజ్ఞతతో సాక్చి జంషెడ్‌పూరయింది, కాలీమాటీ స్టేషను టాటానగరయింది. బాకీ పడింది సామ్రాజ్యం, పేరిచ్చి తీర్చింది సాక్చి. ఊరివాళ్ళను సంప్రదించారా అని అడగకండి. బారసాలలో బిడ్డ అనుమతి తీసుకునే ఆచారం మనకు లేదు. ఊరికి ఎవరి పేరు పెట్టారో ఆ జంషెట్‌జీ టాటా మాత్రం, పాపం, ఇందులో నిర్దోషి: ఆయన 1904లోనే కన్నుమూశారు, కుమారుడు దొరాబ్‌కు రాసిన ప్రసిద్ధమైన ఉత్తరంలో కోరినవి విశాలమైన వీధులు, నీడనిచ్చే చెట్లు, గుళ్ళకూ మసీదులకూ చర్చీలకూ చోటు.

ఇక అక్కడి ఆదర్శ పౌరుడి జీవితయాత్రను ఊహించండి. టాటా మెయిన్ హాస్పిటల్లో పుడతాడు, సర్ దొరాబ్జీ టాటా పార్కులో నడక నేర్చుకుంటాడు, ఆదివారాలు టాటా స్టీల్ జంతుప్రదర్శనశాలలో పులిని దర్శించుకుంటాడు, జేఆర్‌డీ టాటా క్రీడాప్రాంగణంలో పరుగెత్తుతాడు. కాస్త మార్పు కోసం కీనన్ స్టేడియానికి వెళితే, ఆ కీనన్ కూడా కంపెనీ జనరల్ మేనేజరే. విసుగెత్తి బావమరిది ఇంటికి బయలుదేరితే అతడుండేది టెల్కో కాలనీలో. అదీ మరో టాటా కంపెనీ పేరే. వీధి దీపం ఆరిపోయినప్పుడు ఫిర్యాదు చేసుకోవలసిన పౌరసేవల కంపెనీ జుస్కో (జంషెడ్‌పూర్ యుటిలిటీస్ అండ్ సర్వీసెస్ కంపెనీ) పేరులో మొన్నమొన్నటి దాకా కనీసం జంషెడ్‌పూర్ అన్న మాట ఉండేది. అది కూడా మరీ పరాయి పేరుగా తోచిందో ఏమో, తీసేసి టాటా స్టీల్ యుటిలిటీస్ అని మార్చుకున్నారు. ఇవన్నీ చాలనుకుని ఊరొదిలి పారిపోదామన్నా, రైలెక్కవలసింది టాటానగర్‌లోనే.

ఎన్నికైన పురపాలక సంఘం లేకుండా ఊరు ఇలా కంపెనీ చేతుల్లో ఉండడం చట్టవిరుద్ధమనుకునేరు! పట్టణాలకు పురపాలక సంఘాలు ఉండాలని చెప్పిన 74వ రాజ్యాంగ సవరణే, పారిశ్రామిక సంస్థ పౌరసేవలు అందిస్తున్న చోటును గవర్నరు పారిశ్రామిక పట్టణంగా ప్రకటించి మినహాయించవచ్చని 243క్యూ అధికరణంలో వెసులుబాటు కల్పించింది. అంటే మన అభిమానుల కుళాయి వాదనకు సాక్షాత్తూ రాజ్యాంగ హోదా ఉంది. ప్రభుత్వం నియమించే నోటిఫైడ్ ఏరియా కమిటీ చేతుల్లో దశాబ్దాలు గడిపిన ఆ ఊరిని పారిశ్రామిక పట్టణం చేయడానికి ఝార్ఖండ్ మంత్రివర్గం 2023 డిసెంబరులో ఆమోదముద్ర వేసింది.

నీళ్ళు వస్తాయి, నిజమే. అయితే ఆ నీళ్ళిచ్చే సువర్ణరేఖ ఏ కంపెనీ తవ్వించిన నదీ కాదు. సరిగ్గా అదే జనవరి 2న, 2006లో, ఒడిశాలోని కళింగనగర్‌లో అదే కంపెనీ కర్మాగారం కోసం ప్రహరీ కడుతుంటే అడ్డుకున్న ఆదివాసుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. 13 మంది ఆదివాసులు చనిపోయారు. రైలు పట్టాలిచ్చినందుకు ఒక ఊరి పేరే రాసిచ్చిన దేశం, భూమితోపాటు ప్రాణాలు కూడా ఇచ్చినవాళ్ళలో ఒక్కరి పేరైనా ఏ స్టేషనుకు పెట్టింది? సిగ్గుండాలి.

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి వలసవెళ్ళి, తరతరాలుగా ఆ కొలిముల దగ్గర చెమటోడ్చిన తెలుగు కుటుంబాలు కూడా ఆ ఊళ్ళో ఉన్నాయి. అందరితోపాటు వాళ్ళకూ శాసనసభకు ఓటుంది. 2019లో జంషెడ్‌పూర్ తూర్పు ఓటర్లు పదవిలో ఉన్న ముఖ్యమంత్రి రఘువర్ దాస్‌నే ఓడించి ఇంటికి పంపారు. ముఖ్యమంత్రిని దించగలిగిన జనానికి, వీధి చివర మురుగుకాలువ సంగతి చూసుకునే కార్పొరేటరును ఎన్నుకునే యోగ్యత లేదని తేల్చినవాళ్ళెవరు?