రెండు ఇరవై అంటే ఎంత?

నల్లగొండ జిల్లాలో ఒక సహకార సంఘం కోసం తయారైన సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించే పని కొన్నాళ్ల కింద నా మీద పడింది. మొదటి రోజే ఒక రైతు పేరు మీద రెండు సర్వే నంబర్లు కనిపించాయి. ఒకటి 1.30, ఇంకోటి 1.20. కింద మొత్తం 2.50 అని వచ్చింది. సంఘంలో ఏళ్ల తరబడి లెక్కలు రాసిన పెద్దాయన పక్కనే కూర్చున్నాడు. స్క్రీన్ వైపు చూసి నవ్వాడు.

“నలభై గుంటలకే ఎకురం నిండిపాయె గద సార్, యాభై గుంటలు యాడికెల్లి వచ్చినయ్?”

ఆయన లెక్కలో అది మూడెకరాల పది గుంటలు. కంప్యూటర్ లెక్కలో రెండున్నర ఎకరాలు. మధ్యలో ముప్పావు ఎకరం మాయం. ప్రోగ్రాం రాసిన కుర్రాడిది గుంటూరు వైపు. అక్కడ ఎకరానికి వంద సెంట్లు, కాబట్టి 1.30 అంటే ఎకరా ముప్పై సెంట్లు. దశాంశాల్లా కూడేస్తే సరిపోతుంది. వాళ్ల ఊళ్లో ఆ కోడ్ నూటికి నూరు పాళ్లు కరెక్టు. మా దగ్గర పాస్‌బుక్‌లో 2.20 అని ఉంటే అది రెండెకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర. ఎకరానికి సీజన్‌కు 6,000 రూపాయల రైతు భరోసా లెక్క కడితే 15,000 రావాలి. 2.2తో గుణిస్తే 13,200 వస్తుంది.

ఒప్పంద పత్రంలో ఏముందో తీసి చూశాను. “విస్తీర్ణం: ఎకరాల్లో, చుక్క తర్వాత రెండు అంకెలు” అని ఉంది. సంఘం వాళ్లూ సంతకం పెట్టారు, కంపెనీ వాళ్లూ పెట్టారు. చదివిన వాక్యం ఒకటే, ఎవరికి అర్థమైంది వాళ్లకు అర్థమైంది. తెలియని మాటైతే ఎవరో ఒకరు అడిగేవారు. ఎకరం తెలియనిదెవరికి?

ఐటీ ప్రాజెక్టుల్లో ‘వ్యాపార పదాల ఉమ్మడి నమూనా’ అనే మాట తరచూ వినిపిస్తుంది. పనిలో వాడే మాటలకు అర్థమేంటో, అవి ఒకదానికొకటి ఎలా ముడిపడి ఉన్నాయో రాసిపెట్టుకోవడమన్నమాట. చాలాచోట్ల దాని పేరుతో జరిగేది మాత్రం ఒక ఎక్సెల్ షీటు. ఎడమవైపు మాట, కుడివైపు అర్థం. అలాంటి షీటొకటి నేనూ తయారు చేశాను, వందల మాటలతో. ‘సభ్యుడు: సంఘంలో సభ్యత్వం ఉన్న వ్యక్తి’ అని అందులో నేనే రాశాను. ఇప్పుడు చూస్తే సిగ్గేస్తుంది. ప్రాజెక్టు అయిపోయేదాకా దాన్ని రెండోసారి తెరిచినవాళ్లు లేరు.

పదకోశం వేరు, పదాల నమూనా వేరు. ‘ఖాతా’నే తీసుకోండి. పదకోశంలో ఒక్క ముక్కతో తేల్చేయొచ్చు. నమూనాలో వాక్యాలు రాయాలి. ఖాతా ఒక రెవెన్యూ గ్రామానికి చెందుతుంది. ఒక ఖాతా కింద ఎన్నో సర్వే నంబర్లు ఉండొచ్చు. ఒక సర్వే నంబరు బై నంబర్లుగా చీలి నలుగురి ఖాతాల్లోకి పోవచ్చు. అదే ఖాతా నంబరు పక్క గ్రామంలో వేరొకరిది కావచ్చు. అంటే గ్రామం పేరు లేకుండా ఖాతా నంబరుతో ఎవరినీ గుర్తుపట్టలేం. అన్నిటికంటే ముందు, ఇది బ్యాంకు ఖాతా కాదు. ఈ చివరి వాక్యం రాయకపోతే ఏమవుతుందో మా ఫారాలు చూపించాయి. ‘ఖాతా నంబరు’ అన్న గడిలో కొందరు పట్టా ఖాతా రాశారు, ఎక్కువమంది బ్యాంకు నంబరు రాశారు. సహకార సంఘంలో అప్పు కోసం వచ్చిన మనిషికి ముందు తట్టేది బ్యాంకే కదా.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. వ్యాపారం తెలిసినవాళ్లు, ప్రోగ్రాం రాసేవాళ్లు ఒకే భాష మాట్లాడాలని, ఆ మాటలే కోడ్‌లోనూ కనిపించాలని సాఫ్ట్‌వేర్ నిపుణుడు ఎరిక్ ఎవాన్స్ 2003లోనే చెప్పాడు. మాటల్నీ నియమాల్నీ మామూలు వాక్యాల్లోనే కచ్చితంగా రాసే పద్ధతికి ఆబ్జెక్ట్ మేనేజ్‌మెంట్ గ్రూప్ అనే సాఫ్ట్‌వేర్ ప్రమాణాల సంస్థ 2008లో ఎస్‌బీవీఆర్ పేరుతో ఒక ప్రమాణం కూడా తెచ్చింది. ఆ ప్రమాణమంతా చదవాలని నేననను. ‘ఒక్కో, కనీసం, మాత్రమే’ లాంటి చిన్న మాటల్ని జాగ్రత్తగా వాడే అలవాటు చేసుకుంటే చాలావరకు పని జరుగుతుంది.

ఇక మా వైపు అసలు చిక్కు ‘గ్రామం’తో. 2018లో తండాలు, గూడేలు కొత్త గ్రామ పంచాయతీలయ్యాయి. దేవరకొండ వైపు, అచ్చంపేట వైపు ఇలాంటివి చాలా ఉన్నాయి. తండాకు సర్పంచ్ వచ్చాడు, పంచాయతీ కార్యాలయం వచ్చింది. భూమి మాత్రం పాత రెవెన్యూ గ్రామం లెక్కలోనే ఉంది. రైతును “మీదే ఊరు?” అని అడిగితే తండా పేరు చెప్తాడు, పాస్‌బుక్‌లో ఇంకో పేరుంటుంది. రెండు విభాగాల డేటాను గ్రామం పేరుతో కలపబోతే ఈ రైతులంతా జారిపోతారు. జిల్లా సంగతీ అంతే. 2016లో పాత నల్లగొండ మూడు జిల్లాలైంది. పాలమూరు నాలుగైంది, 2019లో నారాయణపేటతో ఐదైంది. కలెక్టరేట్‌కు నల్లగొండ జిల్లా అంటే ఒకటి, జిల్లా సహకార కేంద్ర బ్యాంకుకు ఇంకొకటి. బ్యాంకు ఇప్పటికీ ఉమ్మడి జిల్లా మొత్తానిది. ‘జిల్లా వారీ రిపోర్టు కావాలి’ అని ఎవరైనా అడిగితే నేను ఇప్పుడు ముందు అడిగేది ఏ జిల్లా అనే.

ఇక్కడ చాలామంది పెద్ద కన్సల్టెంట్లతో నాకు పేచీ ఉంది. ఉమ్మడి నమూనా అంటే ప్రతి మాటకూ సంస్థ మొత్తం మీద ఒకే అర్థం తేల్చడమని వాళ్ల పట్టు. ‘రైతు’ అనే మాటను ఒక గదిలో పెట్టి అందరినీ ఒప్పించి చూడండి. రైతు బీమా వాళ్లకు 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారు రైతు. అప్పిచ్చే సంఘానికి వాటా కట్టిన సభ్యుడు రైతు. ఐకేపీ వడ్ల కొనుగోలు కేంద్రంలో వడ్లు పోసినవాడు రైతు, ఆ వడ్లు కౌలు భూమిలో పండినా సరే. మూడింటినీ కలిపి ఒకటి చేస్తే ఎవరో ఒకరు బయట పడతారు, ఎక్కువసార్లు అది కౌలుదారే. పాత భూమి రికార్డు పహాణీలో పట్టాదారుతో పాటు అనుభవదారుకూ, అంటే భూమి ఎవరి సాగులో ఉందో వాళ్లకూ, ఒక కాలమ్ ఉండేది. 2020లో వచ్చిన ధరణి భూ రికార్డుల పోర్టల్‌లో అది లేదు. దాన్ని తీసేయడం విధాన నిర్ణయమే, సాఫ్ట్‌వేర్ తప్పు కాదు. కానీ మాట పోయాక మనిషి కూడా తెరమీద కనిపించడు, అతని గురించి రిపోర్టు అడిగే వీలూ ఉండదు. 2025లో ధరణి స్థానంలో భూభారతి వచ్చేటప్పుడు ఆ కాలమ్ గురించి అంత చర్చ జరిగింది అందుకే.

కాబట్టి రైతుకు మూడు అర్థాలుంటే మూడూ రాయాలి. ఏది ఏ విభాగంలో చెల్లుతుందో గీత గీయాలి. ఒక విభాగం నుంచి ఇంకో విభాగానికి సమాచారం పోయేచోట ఏది ఏదిగా మారుతుందో చెప్పాలి. బీమా సభ్యుడు, సంఘ సభ్యుడు, ధాన్యం అమ్మినవారు అని వేర్వేరు పేర్లు పెడితే మీటింగులో సగం గొడవ అక్కడికక్కడే చల్లారుతుంది.

భాష సంగతి ఇంకొకటి. తెలుగులో వడ్లు వేరు, బియ్యం వేరు, అన్నం వేరు. ఇంగ్లిష్‌లో గడికి పేరు పెట్టేసరికి అన్నీ ‘రైస్’ అయి కూర్చుంటాయి. మిర్యాలగూడ మిల్లుల లెక్కల్లో ఇది సరదా విషయం కాదు. కస్టమ్ మిల్లింగ్‌లో, అంటే ప్రభుత్వం కొన్న వడ్లను మిల్లు ఆడించి ఇచ్చే పనిలో, 100 కిలోల వడ్లకు 67 కిలోల పచ్చి బియ్యం, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు ప్రభుత్వానికి తిరిగివ్వాలి. ‘రైస్ స్టాక్’ అన్న ఒకే గడిలో వడ్లూ బియ్యమూ పడితే మిల్లులో సరుకు ఉన్నదా, పోయిందా అన్నది ఎవరూ చెప్పలేరు. ‘క్వాంటిటీ’ ఇంకా ఘోరం. కొనుగోలు కేంద్రంలో సంచితో కలిపి తూచింది ఒకటి, సంచి బరువు తీసేస్తే వచ్చింది ఒకటి, మిల్లు దగ్గర తాలు, తేమ పేరుతో తరుగు తీసినాక మిగిలింది ఇంకొకటి. రైతుకు డబ్బు దేని మీద పడాలన్నదే అక్కడ తగాదా. సాఫ్ట్‌వేర్ మూడింటికీ ఒకే పేరు పెట్టిందంటే తెలిసో తెలియకో ఒక పక్షం తీసుకున్నట్టే. కోడ్‌లో ‘గుంట’, ‘వడ్లు’, ‘తరుగు’ అని మన మాటలే పెట్టుకోవడానికి మొహమాటం దేనికో నాకు అర్థం కాదు.

ఇదంతా చేయడానికి టైమ్ ఎక్కడిదని మేనేజర్లు అడుగుతారు. అన్ని మాటలూ అక్కర్లేదు. డబ్బు కదిలే మాటలు, రెండు విభాగాల మధ్య ప్రయాణించే మాటలు చాలు, అవి మరీ ఎక్కువేమీ ఉండవు. మీటింగు హాల్లో కాకుండా కౌంటర్ పక్కన కూర్చుని, ఒక రోజు వచ్చిన కాగితాలన్నీ ముందు వేసుకుని రాయాలి. ప్రతి మాటకూ ఒక అంకెల ఉదాహరణ ఉండాలి. 1.30కి 1.20 కలిపితే 3.10 అని ఒక్క లైను రాసి ఉంటే గుంటూరు కుర్రాడు మొదటి రోజే పట్టుకునేవాడు. అదే లైను టెస్ట్ కేసు కూడా అవుతుంది. అర్థంలో తేడా వస్తే తేల్చే మనిషి పేరు పక్కన ఉండాలి. కమిటీ పేరు రాస్తే మాత్రం రాయనట్టే.

2022లో కేంద్రం 63 వేల ప్రాథమిక సహకార సంఘాల కంప్యూటరీకరణకు 2,516 కోట్ల రూపాయలతో ఆమోదం తెలిపింది. దేశమంతటికీ ఒకే తరహా సాఫ్ట్‌వేర్. మనకు గుంట, పక్క రాష్ట్రంలో సెంటు, ఉత్తరాదిలో రాష్ట్రానికో కొలతగా మారే బీఘా. నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలో 2023లో ఐటీ టవర్లు తెరిచారు. అక్కడ కూర్చునే పిల్లలకు నలభై గుంటల లెక్క ఇంట్లోనే తెలుసు. ఇంటర్వ్యూలో ఎవరూ అడగని ఈ తెలివికి ఇలాంటి ప్రాజెక్టుల్లో ధర ఉంది.

మా సంఘం సాఫ్ట్‌వేర్‌లో చివరికి విస్తీర్ణాన్ని ఎకరాలు, గుంటలు అని రెండు గడులు చేశారు. గుంటల గడిలో 39 దాటితే తీసుకోదు. కొత్తగా ఎక్కించేవాటికి ఇబ్బంది లేదు. పాత డేటాలో మాత్రం 2.5 అని ఉన్న వరుసలు కొన్ని ఉన్నాయి. రెండెకరాల ఐదు గుంటలా, రెండున్నర ఎకరాలా? ఎక్కించిన అబ్బాయి ఉద్యోగం మారి వెళ్లిపోయాడు. పెద్దాయన ఒక్కొక్కరికీ ఫోన్ చేసి పాస్‌బుక్ పట్టుకుని రమ్మంటున్నాడు.