నాలుగు రోజుల సెలవుతో మెదడులోని భయం పోదు

బెంగళూరులో ఉద్యోగం చేసే తెలుగు పిల్లలకు ఇంట్లోవాళ్లు చెప్పే మందు ఒకటే: "టెన్షన్ ఎక్కువైతే సెలవు పెట్టి ఊరికి రా, నాలుగు రోజులు తిని పడుకుంటే అదే పోతుంది." ఆ మాటలో ప్రేమ ఉంది. శుక్రవారం రాత్రి మారతహళ్లిలో బస్సెక్కి, సోమవారం పొద్దున్నే అక్కడే దిగి నేరుగా ఆఫీసుకు వెళ్లేవాళ్లలో చాలామంది దాన్ని నమ్ముతారు కూడా. కానీ ఇదే నగరంలో జరిగిన పరిశోధన ఆ నమ్మకాన్ని సగమే సమర్థిస్తోంది.

జీకేవీకే వ్యవసాయ విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్‌లో మెదడు శాస్త్రవేత్త సుమంత్ర ఛటర్జీ బృందం ఎలుకలపై ఏళ్ల తరబడి ఈ పని చేసింది. రోజుకు రెండు గంటల చొప్పున పది రోజులు ఎలుకలను కదలనివ్వకుండా ఉంచి, తర్వాత మెదడు కణాలను పరిశీలించారు. జ్ఞాపకశక్తికి కీలకమైన హిప్పోకాంపస్‌లో కణాల కొమ్మలు కుంచించుకుపోయాయి. ఒత్తిడి మెదడును అరగదీస్తుందన్న సంగతి అప్పటికే తెలుసు. భయాన్ని నడిపే అమిగ్డాలాలో మాత్రం అదే ఒత్తిడికి కొమ్మలు పెరిగాయి. 2002లో ప్రచురితమైన ఫలితం ఇది.

నన్ను కలవరపెట్టింది మాత్రం 2004లో వచ్చిన కొనసాగింపు. ఒత్తిడి ఆపేసి ఎలుకలకు 21 రోజులు విశ్రాంతి ఇచ్చారు. హిప్పోకాంపస్ కోలుకుంది. అమిగ్డాలాలో పెరిగిన కొమ్మలు అలాగే ఉన్నాయి, ఎలుకల ఆందోళనా తగ్గలేదు. ఇది మనుషులకూ వర్తిస్తే, సెలవు నుంచి తిరిగొచ్చినవాడు పని బాగానే చేస్తాడు, అన్నీ గుర్తుంచుకుంటాడు. మేనేజర్ కంటికి కోలుకున్నట్టే. లోపల మాత్రం ఫోన్ మోగితే చాలు గుండె దడ. అతను నాటకమాడుతున్నాడనో, మనసు బలహీనమనో అనేయడం అన్యాయం.

ఒక్కసారి తగిలిన దెబ్బ సంగతి ఇంకా విచిత్రం. 2005లో ఇదే బృందం ఎలుకలను ఒకే ఒక్కసారి, రెండు గంటలపాటు కట్టడి చేసి చూసింది. మరుసటి రోజు ఆందోళన ఏమీ కనిపించలేదు. పది రోజుల తర్వాత కనిపించింది. అమిగ్డాలా కణాల మధ్య సంధానాలు కూడా అప్పటికి పెరిగాయి. రోడ్డు ప్రమాదం నుంచి బయటపడ్డవాళ్లను, పరంజా మీంచి తోటి కూలీ పడిపోవడం చూసిన అనంతపురం వలస కార్మికుణ్ణి మనం ఎప్పుడు పలకరిస్తాం? ఆ సాయంత్రమో, మర్నాడో. "బాగానే ఉన్నాను" అంటారు. నిజమే చెబుతారు. రెండో వారంలో అడిగేవాళ్లు ఉండరు.

ఇక ఒత్తిడి హార్మోన్‌గా పేరుపడ్డ కార్టిసాల్ మాట. మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు దీన్ని విడుదల చేస్తాయి. పొద్దున్న ఎక్కువగా ఉండి అర్ధరాత్రికి తగ్గడం దీని సహజ లయ. అమెరికా వేళలకు పనిచేసే రాత్రి షిఫ్టులు దెబ్బతీసేది ఈ లయనే. రక్తంలోని ఈ తరహా హార్మోన్‌ను మెదడులో హిప్పోకాంపస్ పట్టి ఉంచుతుందని అమెరికా శాస్త్రవేత్త బ్రూస్ మెక్‌ఎవెన్ 1968లోనే ఎలుకల్లో చూపించారు. ఇప్పుడు దీన్ని విలన్‌ను చేసి, తగ్గిస్తామంటూ పొడులు అమ్ముతున్నారు. మెక్‌ఎవెన్‌తో కలిసి ఛటర్జీ బృందం 2012లో ప్రచురించిన పరిశోధన చూస్తే ఆ ప్రచారం ఎంత తప్పో తెలుస్తుంది. మనలో కార్టిసాల్ చేసే పనిని ఎలుకల్లో కార్టికోస్టెరోన్ అనే హార్మోన్ చేస్తుంది. ఒత్తిడికి ముందే దాన్ని ఇచ్చిన ఎలుకల్లో, పది రోజులకు రావాల్సిన ఆ ఆందోళన, అమిగ్డాలా మార్పులు రాలేదు. అదే హార్మోన్ రక్షణ కూడా ఇవ్వగలదన్నమాట. అలాగని స్టెరాయిడ్లు సొంతంగా వాడమని కాదు, అది ప్రమాదం. ఎప్పుడు, ఎంత, ఎన్నాళ్లు అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

ఎలుకల లెక్కలను తేదీలతో సహా మనుషులకు అంటగట్టలేం. అయినా ఇందులోంచి ఆఫీసులు, కుటుంబాలు తీసుకోవాల్సింది ఒకటుంది. పనిలోకి వచ్చేశాడు కాబట్టి తగ్గిపోయిందని తేల్చేయకుండా, రెండో వారంలో ఒకసారి, నెలకు ఒకసారి నిద్ర ఎలా పడుతోందో, దేనికైనా ఉలిక్కిపడుతున్నాడేమో అడగాలి. జవాబు బాగా లేకపోతే మరో సెలవు మంజూరు చేసి చేతులు దులుపుకోకూడదు. డాక్టర్ దగ్గరికి పంపాలి. ఈ ఊళ్లోనే మానసిక ఆరోగ్య ఆసుపత్రి నిమ్‌హాన్స్ ఉంది. కేంద్రం 2022లో ప్రారంభించిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు రాత్రయినా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు.