టెక్నాలజీ సరే, దర్శనం సంగతేంటి?

తిరుపతిలో పుట్టిన ప్రతి మనిషికీ పుట్టుకతోనే ఒక ఉద్యోగం వచ్చేస్తుంది. దానికి జీతం ఉండదు, సెలవు ఉండదు, రిటైర్మెంటు అసలే ఉండదు. పదో తరగతిలో మనతో ఒక్క మాటా మాట్లాడని క్లాస్‌మేటు ఇరవై ఏళ్ల తర్వాత ఫోన్ చేసి "ఏరా, బాగున్నావా, పిల్లలెంతమంది?" అంటే, ఆ ప్రేమ ఎన్ని నిమిషాల్లో బ్రేక్ దర్శనం దగ్గరికి చేరుతుందో గడియారం చూడకుండా చెప్పగలం. ఈ కష్టం మనందరికీ తెలిసిందే కాబట్టి వివరించను. డబ్బు కట్టి, జీఎస్టీ కట్టి, న్యాయ సాంకేతికత మీద జరిగే సదస్సులో స్టాల్ పెట్టుకున్నా ఈ ఉద్యోగం వదలదని మాత్రం నాకు ఈమధ్యే తెలిసింది.

ముందు మా సరుకేమిటో చెప్పాలి. నేనూ నా మిత్రుడూ కలిసి భవానీ నగర్‌లో ఒక గదిలో కూర్చుని చేసిన సాఫ్ట్‌వేర్ అది. కోర్టులో ఉన్న ప్రతి కేసుకూ సీఎన్‌ఆర్ అని ఒక నంబరుంటుంది. అక్షరాలూ అంకెలూ కలిపి మొత్తం పదహారు. మొదట రాష్ట్రం, తర్వాత జిల్లా, చివర్లో సంవత్సరం. అది కొడితే కేసు ఎక్కడుందో, తర్వాతి వాయిదా ఎప్పుడో ఈ-కోర్ట్స్ యాప్ ఉచితంగానే చూపిస్తుంది. మేం కనిపెట్టిందేమీ లేదు. అందులో ఇంగ్లిషులో ఉన్న ఆ రెండు ముక్కల్ని మా సాఫ్ట్‌వేర్ కక్షిదారుకు ఫోన్ చేసి తెలుగులో చెబుతుంది. అంతే. దీన్ని మొట్టమొదట చూపించింది మాకు తెలిసిన ఒక వకీలు గారికి. ఆయన ఓపిగ్గా విని, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "వాయిదా ఎప్పుడో క్లయింటుకు ఫోనే చెప్పేస్తే ఇంక నా దగ్గరికెందుకు వస్తాడయ్యా?" అన్నారు. ఆ రోజే మానుకోవాల్సింది. బుద్ధి లేక సదస్సుకు పోయాం.

సదస్సు ఒక పెద్ద హోటల్లో, రెండు రోజులు. దేశంలో ఇన్ని ఊళ్లుండగా తిరుపతిలోనే ఎందుకు పెట్టారని నేను అడగలేదు. మీరూ అడగరు. స్వామి కార్యం, స్వకార్యం. ద్వారం దగ్గర ప్లాటినం స్పాన్సర్లు, ఆ పక్కన గోల్డు, తర్వాత సిల్వరు. మేం కంచు కూడా కాదు. మూడు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, ఒక టేబుల్, రెండు కుర్చీలు, ఒక ప్లగ్ పాయింటు. ఒక పక్క లిఫ్టు, ఇంకో పక్క వాష్‌రూమ్. మెడలో వేసిన బ్యాడ్జి మీద 'ఎగ్జిబిటర్' అని ఉంది. దాని అర్థమేమిటంటే, సెషన్లలో కూర్చోకూడదు, డెలిగేట్ల భోజనాల హాల్లోకి పోకూడదు. మాకు విడిగా అట్టపెట్టెలో సాంబారన్నం.

మా పక్క స్టాలు బెంగళూరు వాళ్లది. వేల పేజీల కాంట్రాక్టును నిమిషాల్లో చదివి లోపాలు పట్టే ఏఐ వాళ్ల దగ్గరుంది. నిజంగానే బాగుంది. మా చిత్తూరు వైపు తోతాపురి మామిడికి జరిగే అతి పెద్ద కాంట్రాక్టు నోటిమాట, దాన్ని చదివే ఏఐ ఎప్పుడొస్తుందని అడిగాను. ఆ అబ్బాయి మర్యాదగా రాసుకున్నాడు.

ఇక అసలు విషయం. మొదటి రోజు పదకొండింటికి సూటు వేసుకున్న ఒక పెద్దమనిషి మా స్టాల్ ముందు ఆగాడు. ముంబైలో పెద్ద లా సంస్థట. మా డెమో మొదలైంది. పన్నెండు నిమిషాలు కదలకుండా నిలబడి విన్నాడు. మధ్యలో ఎవరో పలకరిస్తే చేత్తో ఆగమన్నాడు. సర్వర్ ఎక్కడుందన్నాడు, డేటా భద్రత సంగతేమిటన్నాడు, 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మాట ఎత్తాడు. నా మిత్రుడు టేబుల్ కింద నా కాలు నొక్కాడు. ఆ నొక్కులో మాకు రాబోయే కొత్త ఆఫీసు, దాని గోడల రంగు, గృహప్రవేశానికి పిలవకూడని బంధువుల జాబితా అన్నీ ఉన్నాయి. పెద్దమనిషి ఇంకొంచెం ముందుకు వంగి, గొంతు తగ్గించి, "మీరు లోకలేనా?" అన్నాడు.

అవునన్నాం.

"అయితే ఒక చిన్న సాయం. మేం ఆరుగురం. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు."

అప్పటికీ నా మిత్రుడు ఓర్పుగా, శ్రీవాణి ట్రస్టుకు పది వేలు విరాళమిస్తే బ్రేక్ దర్శనం టికెట్టు కొనుక్కునే వీలుంటుంది సార్ అని చెప్పాడు. "దానికి డబ్బు కట్టాలి కదా" అన్నాడాయన, చిన్నపిల్లాడికి లోకజ్ఞానం నేర్పుతున్నట్టు. మూడు వందల రూపాయల టికెట్లు మూడు నెలల ముందే ఆన్‌లైన్లో పెడతారండి అంటే, అదెలాగో చూపించమన్నాడు. చూపించాం. మా డెమో స్క్రీన్ మీద దేవస్థానం వెబ్‌సైటు తెరుచుకుంది. అంతే, వాష్‌రూమ్ నుంచి వస్తున్నవాళ్లు ఆగారు, లిఫ్టు దిగినవాళ్లు ఆగారు. వెనకవాళ్లకు కనబడటం లేదని స్క్రీన్ ఎత్తి పట్టుకోమన్నారు. వసతి గదుల గురించి ఒకరు, సుప్రభాత సేవ గురించి ఒకరు, వయసు పైబడ్డవాళ్ల కోటా గురించి ఒకరు ప్రశ్నలు. ప్లాటినం స్టాల్లోని అమ్మాయి తన స్టాల్ వదిలేసి వచ్చి లడ్డూలు ఎన్నివ్వగలరని అడిగింది. సదస్సు మొత్తంలో అంత జనం ఏ స్టాల్‌కూ రాలేదు. నిర్వాహకుల ఫోటోగ్రాఫర్ పరిగెత్తుకొచ్చి ఫోటో తీశాడు. 'న్యాయ సాంకేతికతకు విశేష స్పందన' అని సాయంత్రానికి అందరి ఫోన్లలోనూ అదే ఫోటో. అందులో నేను జీళ్ల బండి ముందు నిలబడ్డవాడిలా ఉన్నాను.

స్టాల్‌కు వచ్చినవాళ్ల పేర్లు రాయడానికి ఒక కాలేజీ కుర్రాణ్ణి పెట్టుకున్నాం. వాడు నిజాయితీపరుడు. ఏం అడిగారో కూడా పక్కన రాశాడు. రెండు రోజులకు మొత్తం 112 పేర్లు. అందులో దర్శనం కోసం 94. ఫోన్ ఛార్జింగ్ పెట్టుకోవచ్చా అని 11. వాష్‌రూమ్ ఎటు అని 6. మిగిలిన ఒకరి సంగతి తర్వాత చెబుతాను. సరుకు కొనేలా కనబడే మనిషిని మార్కెటింగ్ పుస్తకాల్లో లీడ్ అంటారు. హాట్ లీడ్, వార్మ్ లీడ్, కోల్డ్ లీడ్ అని ఉంటాయి. ఈ సాయంత్రమే దర్శనం కావాలన్నవాళ్లు హాటు, ఫ్యామిలీతో మళ్లీ వస్తామన్నవాళ్లు వార్మ్, నాలుగు లడ్డూలైతే చాలు అన్నవాళ్లు కోల్డు అని వాడు మూడు రంగుల పెన్నులతో గీతలు కూడా గీశాడు. వాడికి మంచి భవిష్యత్తుంది.

రెండో రోజు పొద్దున పెద్ద చర్చ. అంశం, సామాన్యుడి గుమ్మంలోకి న్యాయం. మాకు ప్రవేశం లేదు కానీ స్పీకర్లు బయటికీ వినబడతాయి కాబట్టి మొత్తం విన్నాం. ఇంగ్లిషులోనే జరిగింది. సామాన్యుడు వచ్చి ఉంటే అతని గుమ్మంలోకే న్యాయం వస్తోందని అతనికి తప్ప అందరికీ అర్థమయ్యేది. కోర్టుల పనిని కంప్యూటర్లలోకి మార్చే ఈ-కోర్టుల పథకం మూడో దశకు 2023లో కేంద్రం 7,210 కోట్లు మంజూరు చేసిందని ఒకరు గుర్తుచేశారు. కింది కోర్టుల్లోనే నాలుగు కోట్లకు పైగా కేసులు పేరుకున్నాయని ఇంకొకరు బాధపడ్డారు. అనువాద ఏఐ 'లీవ్ గ్రాంటెడ్' అన్న మాటను 'సెలవు మంజూరు' అన్న అర్థంలో హిందీలోకి మార్చిందట. అంటే అప్పీలుకు అనుమతిస్తే, కోర్టువారు ఎవరికో సెలవిచ్చినట్టయింది. సుప్రీంకోర్టు న్యాయమూర్తులే పంచుకున్న ఆ ముచ్చట చెప్పగానే హాలంతా నవ్వింది. బయట మేమూ నవ్వాం. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. అది గుర్తుంచుకోండి.

నూట పన్నెండులో మిగిలిన ఆ ఒక్కడు మధ్యాహ్నం వచ్చాడు. డెలిగేట్ కాదు, క్యాటరింగ్ మనిషి. ఖాళీ కప్పుల ట్రే పట్టుకుని పోతూ మా బోర్డు ముందు ఆగాడు. ఆ అంతస్తులో తెలుగులో ఉన్న బోర్డు అదొక్కటే. 'మీ కేసు వాయిదా ఎప్పుడో మీ ఫోనే చెబుతుంది.' అరవై దాటి ఉంటాయి. ట్రే కింద పెట్టి, లోపలి జేబులోంచి ప్లాస్టిక్ కవరు, కవర్లోంచి మడతలు చిరిగిన కాయితం తీశాడు.

"నాయనా, దీంట్లో ఏముందో రోంత చూసి చెప్తావా?"

తమ్ముడితో రెండెకరాల భాగం దావా. దావా వేసింది ఈయనే. వకీలు వాయిదాకు కబురు పెడతానన్నాడు. ఈయన పని కోసం ఊరు వదిలి తిరుపతి చేరాడు, ఫోను పోయింది, నంబరు మారింది. కబురు వస్తుందిలే అని కూర్చున్నాడు. ఆ కాయితం మీద సీఎన్‌ఆర్ నంబరుంది. రెండు రోజుల్లో మా సాఫ్ట్‌వేర్ చేసే పని కోసమే మా దగ్గరికొచ్చిన తొలి మనిషి. నా మిత్రుడి చేతులు వణికాయి. నంబరు కొట్టాం. ఆయన చేతిలో ఫోను మోగింది. మేం ఎంతో ఖర్చుపెట్టి రికార్డు చేయించిన తియ్యని ఆడగొంతు చెప్పింది:

"మీ కేసు పరిష్కారమైంది."

ఆయన రెండు చేతులూ ఎత్తి కొండవైపు దణ్ణం పెట్టాడు.

అప్పుడు స్క్రీన్ మీద కింది వరుస చూశాను. కేసు స్థితి 'డిస్పోజ్డ్'. ఆ కింద, 'డిస్మిస్డ్ ఫర్ డిఫాల్ట్'. వాయిదాకు ఎవరూ రాలేదని దావా కొట్టేశారు. ఏడు నెలలైంది. తిరిగి తెరవమని పిటిషన్ వేసుకోవడానికి ముప్పై రోజులు గడువు. 'డిస్పోజ్డ్' అంటే 'పరిష్కారమైంది' అని మా పదాల పట్టికలో రాసింది నేనే. కోర్టు రికార్డులో అది లెక్క ముగియడం, ఈయన ఇంట్లో అది రెండెకరాలు పోవడం. పొద్దున హాలంతా నవ్విన ఏఐ పాపం సెలవు ఒక్కటే మంజూరు చేసింది.

ఆయనకు విషయం చెప్పడానికి నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే భుజం మీద చెయ్యి పడింది. ముంబై పెద్దమనిషి. "సారీ, మధ్యలో వచ్చాను. సాయంత్రం ఫ్లైటు. అది ఏమైనా కుదిరిందా? మా అత్తగారు క్యూలో నిలబడలేరు."

ఏమన్నానో ఇక్కడ రాయను. కొంత రాస్తాను. క్యూలో నిలబడండి సార్ అన్నాను. మీ అత్తగారి మోకాళ్ల కోసం కొండమీద పెద్దవాళ్లకు వేరే దారుంది, అది నిన్ననే స్క్రీన్ మీద చూపించాను, మీరు ఫోటో కూడా తీసుకున్నారు. మీకు కావాల్సింది దారి కాదు, అందరికంటే ముందు పోవడం. ఊళ్లో సర్వదర్శనం టోకెన్ తీసుకున్నవాడికి కూడా ఏ రోజు ఏ గంటకు రావాలో దాని మీద రాసి ఇస్తారు సార్. క్యూ కదలకపోతే కంపార్టుమెంటులోకి పాలు తెచ్చిస్తారు, అన్నం పెడతారు. కోర్టులో ఈ ముసలాయనకు ఎవరిచ్చారు టోకెను? పదిన్నరకల్లా రమ్మంటారు. వరండాలో బెంచీ ఖాళీ ఉంటే కూర్చుంటాడు, లేకపోతే గోడ. సాయంత్రం నాలుగింటికి బెంచి గుమాస్తా ఇంకో తేదీ చెబుతాడు. బస్సు ఛార్జీ పోయింది, కూలి పోయింది. ఎన్నేళ్లు! ఒక్కసారి రాకపోతే దావా పోయింది. అది కూడా ఆయనకు తెలీదు, ఏడు నెలలు తెలీదు! పొద్దున మీరు లోపల ఏసీలో కూర్చుని మాట్లాడిన సామాన్యుడు ఈయనే సార్, మీ కాఫీ కప్పులు ఎత్తుతున్నాడు, మీరు ఆయన్ని పక్కకు జరగమన్నారు.

పెద్దమనిషి వెళ్లిపోయాడు. నిర్వాహకుల కుర్రాడు వచ్చి, డెలిగేట్లతో ఇలా మాట్లాడకూడదని చెప్పి, ఫీడ్‌బ్యాక్ ఫారం చేతిలో పెట్టాడు. సదస్సు వల్ల మీ వ్యాపారానికి ఎన్ని కొత్త సంబంధాలు ఏర్పడ్డాయి అని మొదటి ప్రశ్న. 94 అని రాశాను.

ముసలాయనకు చివరికి నా మిత్రుడే చెప్పాడు. ఆయన చాలాసేపు ట్రే వైపు చూస్తూ నిలబడ్డాడు. తర్వాత, "అయితే ఆ పిల్ల అబద్ధం చెప్పిందా?" అన్నాడు. ఆ గొంతు గురించి. ఎవరం మాట్లాడలేదు. కాసేపటికి ఆయన పోయి, డెలిగేట్ల భోజనాల హాల్లోంచి రెండు కప్పుల బాదం హల్వా తెచ్చి మా టేబుల్ మీద పెట్టాడు. "మీరూ పొద్దన్నుంచి నిలబడే ఉండారు కదా" అన్నాడు.

ఆ రాత్రే పదాల పట్టిక తెరిచి 'పరిష్కారమైంది' కొట్టేశాం. ఇప్పుడు కేసు ముగిస్తే, ఎందుకు ముగిసిందో ముందు చెబుతుంది, గడువు ఎన్ని రోజులో తర్వాత చెబుతుంది. తెలిసిన వకీలు గారే, కళ్లద్దాలు తుడుచుకున్న ఆయనే, ఫీజు అడగకుండా ఆలస్యాన్ని మన్నించమని ఒకటి, దావా తిరిగి తెరవమని ఒకటి, రెండు పిటిషన్లు వేశారు. మొన్న మొదటి వాయిదా. సాయంత్రం ఆరింటికి ముసలాయన ఫోనుకు ఆ పిల్ల గొంతు చక్కగా, స్పష్టంగా, మంచి తెలుగులో చెప్పింది: వచ్చే నెలకు వాయిదా వేశారు.