జాతీయ జట్టా, ఊరేగింపు విగ్రహమా?

ఇందాక ఒకాయన సెలవిచ్చాడు. "ఇండియా ఫుట్‌బాల్ టీమ్ ఒకే స్టేడియాన్ని పట్టుకుని వేలాడకూడదండీ, రాష్ట్రానికో మ్యాచ్ ఇవ్వాలి, అప్పుడే ఆట పెరుగుతుంది" అని. కింద కామెంట్లలో చప్పట్లే చప్పట్లు. రాష్ట్రానికింత అని పంచడానికి అదేమన్నా రేషన్ బియ్యమా? ఉత్సవ విగ్రహాన్ని పల్లకీ ఎక్కించి మాడ వీధులు తిప్పితే భక్తులు పెరుగుతారు, ఒప్పుకుంటా. గోల్స్ ఎలా పెరుగుతాయి స్వామీ?

తిరగలేదనా మీ బాధ? 2023 మార్చిలో ఇంఫాల్. జూన్‌లో భువనేశ్వర్, అది ముగియగానే బెంగళూరు. నవంబర్‌లో ఖతార్ మీద మళ్లీ భువనేశ్వర్, 0-3. 2024 మార్చిలో గువాహటి, అఫ్గానిస్తాన్ చేతిలో 1-2. జూన్‌లో కోల్‌కతా. సెప్టెంబర్, నవంబర్ మన గచ్చిబౌలి. 2025 మార్చిలో షిల్లాంగ్, అక్టోబర్‌లో గోవా. మూడేళ్లు నిండకుండా 8 ఊళ్లు. సర్కస్ కంపెనీ కూడా ఒక చోట డేరా వేస్తే నెల రోజులు కదలదు.

హోమ్ మ్యాచ్ అంటే టికెట్ మీద మన పేరు ముందు రాయడం కాదు. ముందు రోజు రెండు జట్లకీ అదే గ్రౌండ్ మీద గంటసేపు ప్రాక్టీస్ ఇస్తారు. ప్రతి మ్యాచ్‌కీ కొత్త ఊరైతే మనకీ గంటే, వచ్చినవాళ్లకీ గంటే. ఆదివారం దాకా క్లబ్బుకి ఆడి, సోమవారం విమానం దిగిన కుర్రాడికి ఏ మూల గడ్డి పలచనో ఎలా తెలుస్తుంది? ఏ టవర్ లైటు గోల్‌కీపర్ కళ్లలో కొడుతుందో, సాయంత్రం ఏడింటికి మంచు పడి బంతి ఎప్పుడు జారడం మొదలుపెడుతుందో ఎవరు చెప్తారు? వాడూ చుట్టమే, వచ్చినవాడూ చుట్టమే. ఇంక ఇంటాయన ఎవరు?

"గడ్డే కదా, ఎక్కడైనా ఒకటే" అనే మేధావుల కోసం కాస్త వివరంగా. మన మంచి గ్రౌండ్లలో వేసేది బెర్ముడా గడ్డి. పేరు చూసి సీమ సరుకనుకోకండి, వినాయక చవితికి పీక్కొచ్చే గరిక జాతే అది. దాన్ని 25 మిల్లీమీటర్లకి కోసి, ఆటకి ముందు నీళ్లు చల్లితే పాస్ జర్రున పోతుంది. అదే 35కి పెంచి పొడిగా వదిలేస్తే, అంతే బలంతో కొట్టిన బంతి మనవాడి కాలికి రెండడుగులు ముందే నీరసపడుతుంది, మధ్యలో అవతలివాడు దూరేస్తాడు. టీవీలో చూసేవాళ్లు "పాసింగ్ రాదు వీళ్లకి" అంటారు.

గడ్డి కింద ఉన్నదే అసలు గ్రౌండ్. 30 సెంటీమీటర్ల ఇసుక పొర, దాని కింద గులకరాళ్లు, వాటిలో చిల్లుల పైపులు. ఇలా ఉంటే జడివాన కురిసినా నీళ్లు దిగిపోతాయి. మట్టి మీద గడ్డి చాపలు పరిచేసి రోలర్ తిప్పితే మొదటి వానకే బంతి చతికిలబడుతుంది. చలి ముదిరితే గరిక గోధుమరంగుకి తిరిగి నిద్రపోతుంది, ఊడిన చోట మళ్లీ అల్లుకోదు. అంటే ఊరు మారితే, నెల మారితే ఆట మారుతుంది. షిల్లాంగ్ సుమారు 1,500 మీటర్ల ఎత్తున ఉంది, గోవా సముద్రం పక్కన. 2027 ఆసియా కప్‌కి అర్హత తేల్చే ఒకే క్వాలిఫయింగ్ గ్రూపులో మన మొదటి రెండు హోమ్ మ్యాచ్‌లూ ఈ రెండు చోట్లా పెట్టిన బుర్రకి దండం పెట్టాలి.

ఫలితం చెప్పాలా? షిల్లాంగ్‌లో బంగ్లాదేశ్‌తో 0-0. గోవాలో సింగపూర్ మీద మన ఛాంగ్టే గోల్ కొట్టి ముందుకి తీసుకెళ్తే, రెండు తిని 1-2తో ఓడి, 2027 ఆసియా కప్ ఆశలకి అక్కడికక్కడే తిలోదకాలిచ్చాం. సింగపూర్ చేతిలో. మన ఊళ్లో. అది మన ఊరేనని టీముకి ఎవరైనా చెప్పారో లేదో మరి.

ఇప్పుడు 2022 జూన్ తీయండి. అంతకుముందు ఆసియా కప్ క్వాలిఫయర్లు, మూడు మ్యాచ్‌లూ కోల్‌కతా సాల్ట్‌లేక్ స్టేడియంలోనే, వారం రోజుల్లో. కంబోడియా మీద 2-0. అఫ్గానిస్తాన్ మీద 86వ నిమిషంలో కెప్టెన్ ఛెత్రీ ఫ్రీకిక్, వాళ్లు సమం చేస్తే ఆఖర్లో సహల్ గోల్, 2-1. హాంకాంగ్ మీద 4-0. మూడుకి మూడు. ఒకే గడ్డి, ఒకే డ్రెస్సింగ్ రూమ్, ఒకే జనం. అదే హాంకాంగ్ మీద 2025లో వాళ్ల ఊళ్లో 0-1.

"అదే కోల్‌కతాలో 2019లో బంగ్లాదేశ్‌తో 1-1 కదా, 2024లో కువైట్‌తో 0-0 కదా" అని చరిత్ర పుస్తకం తెరిచేవాళ్లు ఉంటారు లెండి. ఏడాదికోసారి వెళ్తే కోల్‌కతా కూడా పరాయి ఊరే. ఆ కువైట్ మ్యాచ్ ఛెత్రీ వీడ్కోలు సభ, ఆటలా ఆడినవాడెవడు?

"జర్మనీకి ఒకే స్టేడియం ఉందా? స్పెయిన్‌కి?" లేదు బాబూ. వాళ్ల దేశంలో ఏ పెద్ద ఊరెళ్లినా దాదాపు ఒకే రకం గ్రౌండ్, చాలా చోట్ల చుట్టూ పరుగు పందేల ట్రాక్ లేకుండా, గడ్డి చూసుకోడానికి ఏడాది పొడుగునా జీతగాళ్లు. మన దగ్గర రెండు ఊళ్లు చూపించండి అలాంటివి. మనం పోల్చుకోవాల్సింది బొలీవియాతో. లాపాజ్‌లో 3,600 మీటర్ల ఎత్తున కూర్చుని 2009లో మెస్సీ ఆడిన అర్జెంటీనాని 6-1 కొట్టారు. అదీ చాలదని ఎల్ ఆల్టోకి, 4,000 మీటర్ల పైకి ఎక్కి, 2025 సెప్టెంబర్‌లో బ్రెజిల్‌ని 1-0తో పంపించారు. పేదవాడు ఉన్న ఒక్క ఆయుధాన్నీ ఊరందరికీ అరువివ్వడు.

అలాగని ఒక స్టేడియం పేరు రాసేసి చేతులు దులుపుకుంటే కాదు. ఇంగ్లండ్ కొత్త వెంబ్లీ స్టేడియం కట్టుకుని 2007 అక్టోబర్ 28న అమెరికన్ ఫుట్‌బాల్ ఆటకి అద్దెకిచ్చింది. నవంబర్ 21న వానలో, ఆ పాడైన గడ్డి మీద క్రొయేషియా చేతిలో 2-3, యూరో 2008 గోవిందా. మొదటి గోల్ చూడండి, దూరం నుంచి కొట్టిన బంతి కీపర్ ముందు పడి, చేతుల్లోంచి జారిపోయింది. వెంబ్లీకే ఆ గతి పడితే, ఉదయం స్కూలు పరేడు, సాయంత్రం మ్యూజిక్ నైటు జరిగే మన గ్రౌండ్ల సంగతి ఏం చెప్పను. స్టేజీ లారీ చక్రం ఒకసారి దిగబడితే కింద ఇసుక గట్టిపడుతుంది, పైపుల్లోకి నీళ్లు దిగవు, గడ్డి వేరు కుళ్లుతుంది. పైన పచ్చరంగు కొట్టి ఫొటో తీస్తారు.

ఇంక ట్రాక్ పిచ్చి. అసలు మంట ఇక్కడే. 400 మీటర్ల ట్రాక్ లోపల స్థలం 73 మీటర్ల వెడల్పు, 157 మీటర్ల పొడవు. అందులో 105 బై 68 పిచ్ వేస్తే ఒక్కో గోల్ వెనక 26 మీటర్ల అర్ధచంద్రం ఖాళీ. దాని తర్వాత 8 లేన్లు, లేనుకి 1.22 మీటర్లు, అంటే దాదాపు ఇంకో పది. మొదటి వరసలో కూర్చున్నవాడికి గోల్‌లైన్ 36 మీటర్ల దూరం. రెండు పెనాల్టీ బాక్సులు వరసగా పరిచినా ఇంకా మూడు మీటర్లు మిగులుతుంది! వాడు అరిస్తే కీపర్‌కి వినపడాలంటే కబురు పంపాలి. కార్నర్ జెండా దగ్గర మాత్రం ట్రాక్ అంచు ఒక్క మీటరే. అందుకే కార్నర్ కొట్టేవాడు ట్రాక్ మీంచి పరిగెత్తుకు రావాలి, అక్కడ ఆకుపచ్చ చాప పరుస్తారు, స్టడ్‌లతో దాని మీద కాలేస్తే జర్రు. సాల్ట్‌లేక్‌లోనూ ట్రాక్ ఉంది, తెలుసు. అక్కడ 60 వేల మంది కలిసి అరిస్తే ట్రాక్ దాటి వస్తుంది. గచ్చిబౌలిలో 30 వేల సీట్లలో సగం ఖాళీగా పెట్టుకుని ఎవరి చెవిలో అరవాలి?

గచ్చిబౌలి అన్నాను కాబట్టి అదీ తేల్చేస్తా. 2024లో మనకి మూడు మ్యాచ్‌లు ఇచ్చారు. 179వ ర్యాంకు మారిషస్‌తో 0-0. సిరియాతో 0-3. మలేషియాతో 1-1. మూడు మ్యాచ్‌లకి కలిపి ఒక్క గోల్, అదీ డిఫెండర్ భేకే తలతో కొట్టింది. "తిప్పితే ఆట పెరుగుతుంది" కదా? ఏం పెరిగింది? ఏడాది తిరక్కుండా హైదరాబాద్ ఎఫ్‌సీ మూటాముల్లె సర్దుకుని ఢిల్లీ పోయి పేరు కూడా మార్చుకుంది. 2022లో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు గెలిచిన క్లబ్బండీ అది! ఇల్లు ఖాళీ చేసిన అద్దెవాళ్లకి కూడా వీధివాళ్లు ఇంతకంటే ఎక్కువ వీడ్కోలు చెప్తారు.

హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 54 దాకా వరసగా అయిదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ టోర్నీ కొట్టిన ఊరు ఇది. జాతీయ కోచ్ రహీం సాబ్ ఊరు. ఆయన కోచింగ్‌లో 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం. ఆ రెండు జట్లలోనూ ఆడిన బలరాం మన సికింద్రాబాద్ కుర్రాడు. ఇంత జరిగిన ఊళ్లో జాతీయ జట్టు ఆడేందుకు ట్రాక్ లేని ఒక్క పెద్ద ఫుట్‌బాల్ స్టేడియం కట్టలేదు ఇన్నేళ్లలో. 2008 ఏఎఫ్‌సీ ఛాలెంజ్ కప్ గ్రూపు మ్యాచ్‌లు ఇక్కడ ఆడించి, ఫైనల్, ఛెత్రీ హ్యాట్రిక్, కప్పు, సంబరం అంతా ఢిల్లీ అంబేద్కర్ స్టేడియంలో. పెళ్లి మన ఇంట్లో, విందు పక్కింట్లో.

కాబట్టి ఆ పెద్దమనిషికి ఒక్క మాట. ఫ్రెండ్లీలు తిప్పుకోండి, విజయవాడలో పెట్టండి, కర్నూల్లో పెట్టండి, ఎవరొద్దన్నారు? 2018లో ముంబైలో చైనీస్ తైపీ (తైవాన్) మీద ఆడితే 2,569 మంది వచ్చారు, స్టేడియానికి రండి బాబూ అని కెప్టెన్ ఛెత్రీ వీడియో పెట్టి దండం పెట్టాల్సొచ్చింది, అదీ గుర్తుంచుకుని పెట్టండి. పాయింట్లున్న మ్యాచ్ మాత్రం సాల్ట్‌లేక్‌లోనే, కనీసం నాలుగేళ్లు. మన ఊరికి రాదని నాకూ కడుపుమంటే. అయినా హైదరాబాద్‌కి వద్దు, ముందు 105 బై 68 పిచ్, టచ్‌లైన్‌కి అయిదారు మీటర్లలో మొదటి వరస, కింద ఇసుక పొర, 15 వేల సీట్లు కట్టండి. జావెలిన్ వేరే చోట విసురుకోండి.