బిస్కెట్ కలరుకు నా బేషరతు మద్దతు

నెల్లూరులోనూ ఒంగోలులోనూ ఈ మధ్య కొత్తగా గృహప్రవేశాలు చేసిన ఇళ్లకు వెళ్తే లోపల రంగులు కనబడటం లేదు. గోడ బిస్కెట్ కలరు, సోఫా ఓట్స్ కలరు, కర్టెన్లు గోనెసంచి కలరు, కింద పరిచింది ఎండిన చెరువుమట్టి కలరు. దీని మీద కొందరు పెద్దలు అనవసరంగా గొంతు చించుకుంటున్నారు కాబట్టి బాధ్యత గల పౌరుడిగా నా వైఖరి ఇక్కడ నమోదు చేస్తున్నాను. ఈ ఉద్యమానికి నా బేషరతు మద్దతు. ఇంట్లో తిరిగే మనుషులు కూడా అదే కలరు బట్టలు కట్టుకోవాలని ఒక్క సవరణ మాత్రం ప్రతిపాదిస్తున్నాను, ఎందుకంటే అన్ని లక్షలు పోసి చేయించిన హాల్లోకి ఎర్ర జాకెట్టుతో మేనత్త ఒకరు వచ్చి కూర్చుంటే ఫోటో మొత్తం పాడైపోతుంది.

అభ్యంతరాలున్నవాళ్లు ముందు సైన్సు తెలుసుకోవాలి. 2002లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ ఖగోళ శాస్త్రవేత్తలు కార్ల్ గ్లేజ్‌బ్రూక్, ఇవాన్ బాల్డ్రీ రెండు లక్షలకు పైగా గెలాక్సీల వెలుతురు కలిపి చూసి, విశ్వం సగటు రంగు ఫలానా అని తేల్చారు. మొదట లేత నీలం కలిసిన ఆకుపచ్చ అన్నారు. తర్వాత సాఫ్ట్‌వేర్‌లో తప్పు దొర్లిందని తెలిసి, కాదు కాదు, పాలు ఎక్కువైన కాఫీ రంగని సవరించుకున్నారు. దానికి ‘కాస్మిక్ లాటే’ అని పేరు కూడా పెట్టారు. బ్రహ్మాండం అంతటికీ ఆ రంగు సరిపోయినప్పుడు, వేదాయపాలెంలో డబుల్ బెడ్రూం ఫ్లాటుకు చిలకాకుపచ్చ కావాలని పట్టుబట్టడానికి మనమెవరం?

ఇంకా నమ్మకం కుదరకపోతే పాంటోన్ అనే అమెరికా కంపెనీ చెప్పింది వినండి. 2000 నుంచి ఏటా ‘ఈ ఏటి రంగు’ ప్రకటించడం వాళ్ల పని, ఉగాదికి మనకు పంచాంగ శ్రవణం ఎట్లాగో డిజైనర్లకు అది అట్లాగ. 2025కు వాళ్లు ‘మోకా మూస్’ అన్నారు, అంటే ఒక రకం గోధుమ రంగు. 2026కు ‘క్లౌడ్ డాన్సర్’ అన్నారు, అంటే తెలుపు. నిపుణులంతా కూర్చుని, లోకంలో ఉన్న రంగులన్నీ జల్లెడ పట్టి, చివరికి తెలుపు అన్నారు. మన సున్నం బట్టీల వాళ్లు ఈ సంగతి ఎప్పుడో కనిపెట్టారు గానీ పాపం ప్రెస్‌మీట్ పెట్టలేదు.

ఇవన్నీ పైకి చెప్పుకునే కారణాలు. మన దగ్గర ఈ కలరు ఇంతగా ఎందుకు పట్టుకుందో డిజైన్ పుస్తకాల్లో రాయరు, నేను చెప్తాను. మా బావ కాంట్రాక్టరు. సైడు కాలవలు, సిమెంటు రోడ్లు, స్కూలు ప్రహరీలు చేస్తుంటాడు. కొత్త ఇంటికి రంగు ఎంచుకోవాల్సి వచ్చినప్పుడు ఆయన పడ్డ టెన్షన్ పిల్ల పెళ్లికి కూడా పడలేదు. పసుపు వేస్తే ఒక పార్టీ. నీలం, ఆకుపచ్చ పక్కపక్కన పడితే ఇంకో పార్టీ. ఎరుపు వేస్తే ఎన్ని పార్టీలో ఎవరికీ తెలియదు. కాషాయం సంగతి సరేసరి. మన రాష్ట్రంలో ఇంటికి రంగు వేయించడమంటే రావలసిన బిల్లులు ఏ ప్రభుత్వంలో ఆగిపోవాలో మనమే గోడ మీద రాసుకోవడం.

ఆయన భయం ఉత్తిదేమీ కాదు. పంచాయతీ ఆఫీసులకు అప్పటి అధికార పార్టీ రంగులు పూశారని కేసు హైకోర్టుకెక్కింది, తీసేయమని కోర్టు చెప్పింది. అప్పుడు ప్రభుత్వం ఏం చేసిందో గుర్తుందా? ఉన్న మూడు రంగులకూ తోడుగా మట్టి రంగు ఒకటి చేర్చి కొత్త జీవో ఇచ్చింది! హైకోర్టు దాన్నీ కొట్టేసింది, 2020 జూన్‌లో సుప్రీంకోర్టు కూడా కుదరదు పొమ్మంది. ఎర్త్ టోన్ల కోసం ఢిల్లీ దాకా వెళ్లి పోరాడిన చరిత్ర మనది, ఈ విషయంలో మనకు ఎవరూ పాఠాలు చెప్పక్కర్లేదు.

కాబట్టి బావ ఇల్లంతా బిస్కెట్ కలరు వేయించాడు. గృహప్రవేశానికి మాజీలు, తాజాలు అందరూ వచ్చి ఒకే సోఫాలో కూర్చుని కాఫీ తాగి వెళ్లారు, ఎవరి ముఖమూ మాడలేదు. ఇబ్బందల్లా చుట్టాలతోనే వచ్చింది. కనిగిరి నుంచి వచ్చిన పెద్దమ్మ ఇల్లంతా తిరిగి చూసి, “ప్రైమర్ దాకా వచ్చిందన్నమాట. రంగులెప్పుడేయిస్తా నాయనా?” అంది. హాల్లో ఒక గోడకు మైక్రో సిమెంట్ అని, అంటే సిమెంటులా కనబడే పలుచటి పూత, విడిగా మనుషుల్ని పిలిపించి చేయించారు. దాన్ని చేత్తో తడిమి, “ఈడ పూత సగంలో ఆపేశారేందబ్బా” అని జాలిపడింది. సాయంత్రానికల్లా బావ చేతిలో డబ్బు ఆడటం లేదన్న వార్త పొదిలి దాటింది. రాత్రి ఒక బంధువు ఫోన్ చేసి, మొహమాటపడకు బావా, రెండు లక్షల దాకా సర్దగలను, వడ్డీ తర్వాత చూసుకుందాం అన్నాడు. ఆ గోడకైన ఖర్చు అంతకంటే ఎక్కువేనని చెప్పుకోలేక బావ ఫోన్ పెట్టేశాడు.

ఇక సహజమైన టెక్స్‌చర్ల విషయానికొద్దాం. ఇక్కడ మన రెండు జిల్లాలకు సాటి లేదని కొంచెం గర్వంగానే చెప్పుకోవాలి. చీమకుర్తి దగ్గర రామతీర్థంలో తీసే బ్లాక్ గెలాక్సీ రాయి ఓడలెక్కి ప్రపంచమంతా పోతుంది. మనం గ్రానైట్ అంటాం గానీ భూగర్భ శాస్త్రం లెక్కలో అది గాబ్రో జాతిది. నల్లటి రాతిలో బంగారు చుక్కల్లా మెరిసేది బ్రాంజైట్ అనే ఖనిజం. ఇంత రాయి మన దగ్గరుంటే బావ కిచెన్‌లో వేయించిందేమో రాయిలా కనబడే టైలు. అదేమంటే ఒరిజినల్ రాయి మరీ మెరుస్తుందట, సహజంగా లేదట. చీమకుర్తి రోడ్డు పక్కన ఇళ్లవాళ్లకు మాత్రం ఈ ఫినిషింగ్ ఉచితంగా అందుతోంది. టిప్పర్లు పోతూ వస్తూ ఉంటే గేటు, వేపచెట్టు, ఆరేసిన చీరలు, వాకిట్లో నిద్రపోయే కుక్క అన్నీ ఒకే షేడులోకి వచ్చేస్తాయి. డిజైనర్లు కోరుకునే ఏకరూపత అంటే అదే. దగ్గు ఒక్కటే అదనం.

మార్కాపురం పలక మీద అఆలు దిద్దినవాళ్లు ఇప్పుడు అదే రాయిని స్లేట్ క్లాడింగ్ అని గేటు గోడకు అతికించుకుంటున్నారు. మంచిదే, కనీసం ఊరి రాయికి గిరాకీ. నాకు మింగుడుపడనిది పాంపాస్ గడ్డి. ఎండిన గడ్డిపూల కట్ట, ఒక సన్నమూతి మట్టికూజాలో గుచ్చి మూలన పెడతారు. ఆన్‌లైన్లో తెప్పిస్తే అట్టపెట్టెలో, దూది చుట్టుకుని, ‘పెళుసు వస్తువు, జాగ్రత్త’ అనే స్టిక్కరుతో వస్తుంది. వానలు వెనకబట్టాక పెన్నా ఒడ్డున రెల్లు పూసినప్పుడు చూడండి, గట్టు పొడుగునా తెల్లగా ఊగుతుంటుంది, గేదెలు దాన్ని తొక్కుకుంటూ నీళ్లలోకి దిగుతుంటాయి. నేను ఒక మోపు కోసుకొస్తానంటే అక్క ఒప్పుకోలేదు. రెల్లు ఇంట్లో పెడితే ఎవరైనా పాక వేసుకుంటున్నారనుకుంటారట.

లైమ్ వాష్ అనే సున్నం పూత సంగతీ అంతే. సంక్రాంతికి ముందు మా అవ్వ ఇంట్లో సున్నం నానబెట్టి, గుడ్డలో మూటగట్టిన నీలిమందు అందులో కాస్త తిప్పి, కుంచెతో కొట్టించేది. సున్నం గోడ మీద గాలిలో కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని మళ్లీ సున్నపురాయిగా మారుతుంది, పసుపు ఛాయ తెలియకుండా నీలిమందు దాన్ని చంపేస్తుంది. కుంచె గీతలు అడ్డంగా కొన్ని, నిలువుగా కొన్ని, మబ్బులు పట్టినట్టు ఉండేవి. ఆ గోడకు ఆనుకున్నవాడి వీపు మీద కూడా అదే డిజైన్ పడేది. ఇప్పుడు అదే మబ్బు రావడానికి అడుగుకింత అని తీసుకుంటున్నారు. ఓపిక పట్టగలిగితే ఆ ఖర్చు కూడా దండగే. అక్టోబరు, డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాలు వచ్చి, ఒక వాయుగుండం నాలుగు రోజులు మన తీరం మీద కూర్చుందంటే, ఎంత ఖరీదైన పెయింటు వేసిన గోడకైనా చెమ్మతో అచ్చం అట్లాంటి మబ్బులే వస్తాయి.

ఈ ఉద్యమానికి అసలైన శత్రువు ఎవరో చెప్పకపోతే వ్యాసం అసంపూర్తి. శత్రువు పసుపు. మొన్న ఎండాకాలంలో బావ ముందురోజు పులుసు అన్నంలో కలుపుకుని టీవీ ముందు కూర్చున్నాడు. నెల్లూరు చేపల పులుసు రెండో రోజే తినాలన్న నియమం ఎంత గట్టిదో తెలుసు కదా, అందులోనూ మామిడికాయ ముక్కలు వేసిన బొమ్మిడాయిల పులుసు. క్రికెట్లో క్యాచ్ జారింది, ఇక్కడ ముద్దలోంచి చుక్క జారింది. లినెన్ సోఫా చెయ్యి మీద పడ్డ ఆ చుక్క ముందు చింతపండు రంగులో ముద్దగా ఉంది, తర్వాత దాని అంచున నూనె పాకింది, ఆ పైన పసుపు నేత దారాలు పట్టుకుని నాలుగు దిక్కులా నడిచింది. అక్క పరుగున వచ్చి సబ్బు రుద్దింది. మచ్చ ఎర్రబడింది! పసుపులోని కర్కుమిన్‌కు క్షారం తగిలితే అంతే, పసుపు నీళ్లలో సున్నం కలిపితే ఎర్రనీళ్లు అయ్యేదీ అందుకే. ఆ లెక్కన అక్క తనకు తెలియకుండానే సోఫాకు దిష్టి తీసింది.

కర్కుమిన్ ఎండకు నిలవదు, ఎండలో పెడితే మచ్చ పోతుందని ఎవరో చెప్పారు. నిజమే, పోతుంది. నలుగురు కుర్రాళ్లు సోఫాను మెట్ల మలుపులో గోడకు గీతలు పడేట్టు ఎక్కించి డాబా మీద రోహిణి కార్తె ఎండలో పెట్టారు. మచ్చ వెలిసింది, దాంతోపాటు ఆ వైపు బట్టంతా ఒక షేడు వెలిసింది. డిజైనరమ్మ వచ్చి చూసి ‘టోన్ ఆన్ టోన్’, అంటే ఒకే రంగులో రెండు షేడ్లు, అని మెచ్చుకుంది.

పనిమనిషి మాత్రం మెచ్చుకోలేదు. జనపనార కార్పెట్టు చిమ్మితే పీచు లేస్తుంది, తడిబట్ట పెడితే మరక నిలుస్తుంది, దులపాలంటే రోజూ మేడ మీదికి మోయాలి. “మాసినా కనబడని కలరు ఏయించుకుంటారు గానక్కా, మాయకముందే మాసినట్టుండే కలరేందక్కా ఇది” అని అడిగింది. అక్క దగ్గర జవాబు లేదు. పోయిన నెలలో జీతం పెంచమంటే మాత్రం ఉంది, “ఇంట్లో సామానే లేదు గదా, అంతా సింపులే” అంది. ఈ ఇళ్ల ఫోటోల్లో మనుషులెందుకుండరో నాకు అప్పుడు అర్థమైంది. తుడిచేవాళ్లు తుడుస్తున్నారు, ఫ్రేములోకి రాకుండా.

అయినా నా మద్దతులో మార్పు లేదు. గడపకు పసుపు బదులు గంధం రాయాలి, కుంకుమ బొట్లు ఇటుక రంగులో దొరికితే తేవాలి, ముగ్గులో రంగులు నిషేధించాలి, తెల్లపిండి ఎలాగూ రూల్స్‌లోనే ఉంది. గృహప్రవేశాలకు వచ్చే ప్లాస్టిక్ పూల కుండీలు, సీరియల్ బల్బుల వెంకటేశ్వరస్వామి పటాలు మెట్ల కింద గదిలో గౌరవంగా సర్దుకోవచ్చు. బ్యాంకు వాళ్లిచ్చే క్యాలెండరు కిచెన్ తలుపు వెనక తగిలించుకుంటే ఎవరికీ కనబడదు, రాహుకాలం మనకు కనబడుతుంది.

ఇంతకీ బావ ఇంట్లో ఒక్క గోడ మిగిలింది. హాల్లోకి అడుగుపెట్టగానే ఎదురుగా ఉండేదే. డిజైనరమ్మ దాన్ని యాక్సెంట్ వాల్ అంటుంది, దానికి ఒక్కదానికీ గట్టి రంగు ఉండాలని, షేడు కార్డు తెచ్చిన ప్రతిసారీ అడుగుతూనే ఉంది. బావ దాన్ని పుట్టీ మీదే ఆపించాడు. ఏ రంగో 2029 ఎన్నికల ఫలితాలు వచ్చిన మర్నాడు చెప్తాడట.