చంటిపిల్లల మెల్లకన్నుకు ఐదేళ్ల గడువు పెట్టకండి

వారం రోజుల్లో ఒకే సందేశం నాకు నాలుగు చోట్ల నుంచి వచ్చింది. పంపినవారిలో ఇద్దరు నాతో కలిసి డిగ్రీ చదివినవారు. "పసిపిల్లలకు మెల్లకన్ను ఉంటే భయపడకండి, అది అదృష్టం. ఐదేళ్లకు దానంతటదే సర్దుకుంటుంది. ఆపరేషన్‌లో కన్ను బయటికి తీసి పెడతారు, మత్తుమందుకు మెదడు మొద్దుబారుతుంది. అదంతా అందం కోసమే. ఆముదం చుక్కలు చాలు." ఇదీ దాని సారం.

ఆముదం కంటి కండరాలను సరిచేయదు, పసికంటికి మంట తెస్తుంది. అదృష్టమే అయితే పెళ్లిచూపుల్లో ఆ పిల్లను ఎందుకు కాదంటున్నారు? కన్ను బయటికి తీయరు. కండరాన్ని కొన్ని మిల్లీమీటర్లు జరిపి కుడతారు. మత్తు గురించిన భయాన్ని మాత్రం నేను తీసిపారేయను, ఏ తల్లికైనా ఉంటుంది. హెర్నియా ఆపరేషన్ కోసం గంటలోపు మత్తు ఇచ్చిన పసివాళ్లను ఐదేళ్ల వయసులో పరీక్షిస్తే తెలివితేటల్లో తేడా కనిపించలేదని 2019లో తేలింది.

ఇక ఆ ఐదేళ్ల మాట. నా కోపమంతా దీని మీదే. పుట్టిన మూడు నాలుగు నెలలకే మెదడు రెండు కళ్ల చూపునూ కలిపి లోతును గ్రహించడం మొదలుపెడుతుంది. ఒక కన్ను ఎప్పుడూ పక్కకే తిరిగి ఉంటే, రెండు బొమ్మలు కనబడే గందరగోళం తప్పించుకోవడానికి మెదడు ఆ కంటి చూపును పక్కన పెట్టేస్తుంది. ఈ వయసులో చెదిరిన ఏర్పాటు తర్వాత తిరిగి కుదరడం ఎంత కష్టమో పిల్లికూనల మీద పనిచేసి చూపిన హ్యూబెల్, వీజెల్ అనే శాస్త్రవేత్తలకు 1981లోనే నోబెల్ వచ్చింది. నలభై ఏళ్లు దాటినా మనం ఇంకా ఆగమంటున్నామా?

మా తమ్ముడి విషయంలో ఆగారు. ఆగమన్నది ఒక డాక్టరే. అప్పట్లో చాలామంది అలాగే చెప్పేవారు. ఆరో ఏట ఆపరేషన్ అయింది. కన్ను నిటారుగా నిలిచింది, ఫోటోల్లో ఏ లోపమూ కనిపించదు. కానీ ఆ కంట్లో చూపు సగమే. ఇప్పటికీ కైలాసగిరి మెట్లు దిగేటప్పుడు నా భుజం పట్టుకుంటాడు. చిన్నప్పుడు వీధిలో క్రికెట్ ఆడితే బంతి వాడి చేతులు దాటి ముఖానికి తగిలేది. "అందం కోసమే" అని రాసిన మనిషి వాడి ఎదుట నిలబడి ఆ మాట అనగలరా? మెల్లకన్ను ఉన్న పసివాళ్లు వస్తువులు అందుకోవడంలో, నడకలో తోటివారికంటే వెనకబడటాన్నీ, కళ్లు సరిచేశాక ఆ లోటు చాలావరకు పూడటాన్నీ పరిశోధకులు గమనించారు.

ఇంకో సంగతి నన్ను నిద్రపోనివ్వదు. కంటిపాపలో తెల్లని మెరుపుతో పాటు మెల్లకన్ను కూడా రెటినోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సర్‌కు గుర్తు కావచ్చు. అరుదే, కానీ ఆలస్యమైతే ప్రాణం మీదికి వస్తుంది. ఆ ఇంట్లో ఐదేళ్లు ఆముదం వేస్తూ కూర్చోమంటారా?

సందేశంలో నిజం బొత్తిగా లేదని అనను. మొదటి నెలల్లో అప్పుడప్పుడూ కళ్లు పక్కకు పోవడం మామూలే. ముక్కుదూలం వెడల్పుగా ఉండి మెల్లకన్నులా కనిపించే పిల్లలూ ఉంటారు. ఐరోపాలో రెండేళ్లలోపు ఆపరేషన్ చేసిన పిల్లలనూ, ఆలస్యంగా చేసినవారినీ పోల్చి చూస్తే, తొందరగా చేసినవారిలో లోతు తెలిసే చూపు మెరుగ్గా ఉంది. ఆగినవారిలో మాత్రం కొందరికి ఆపరేషన్ అవసరమే రాలేదు. అయితే ఎవరు ఆగవచ్చో తేల్చాల్సింది కంటి డాక్టరు. నాలుగు నెలలు దాటినా కన్ను తిరిగే ఉంటే చూపించాలి, అంతే. అందుకు మన విశాఖపట్నంలోనే పెదవాల్తేరులో ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉంది, హనుమంతవాకలో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది.

మా గ్రూపులో ఆ సందేశం కింద "ధన్యవాదాలు, అయితే ఆగుతాం" అని రాసిన అమ్మాయికి ఎనిమిది నెలల బాబు. రాత్రే ఫోన్ చేసి మాట్లాడాను. సోమవారం ఉదయం ఇద్దరం కలిసి వాణ్ణి పెదవాల్తేరు తీసుకెళుతున్నాం.